రెండో వరుసలో చివరి కుర్చీ

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. దుకాణంలో చీరలు మడత పెడుతున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, చివరికి ఎవరి పెళ్ళిలోనో అక్షింతలు వేస్తున్నప్పుడు కూడా అది కదులుతుంది. ఒక అమ్మాయి నాట్యం నా వల్ల ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలియకపోవడం ఒక్కటే అయితే ఎలాగో బతికేసేదాన్ని. ఆమె నన్ను చూసినప్పుడల్లా రెండు చేతులూ పట్టుకుని, నీలాంటి మనిషి ఇంకొకరు లేరంటుంది. అది భరించలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితాలతో నాకేం పని? నా పేరు రాయను. ఆ అమ్మాయి పేరు మార్చి సువర్ణ అంటాను. మిగతా దేన్నీ మార్చను. మార్చాలని మనసు పీకుతూనే ఉంది, అది వేరే సంగతి. ఇప్పటికి మూడుసార్లు రాసి చింపేశాను. మూడుసార్లూ నన్ను నేను కాస్త మంచిదాన్నిగా రాసుకున్నాను.

మహబూబ్‌నగర్‌లో మాకు చీరల దుకాణం ఉంది. ఎక్కువగా నారాయణపేట చీరలే అమ్ముతాం. నేను నాట్యం నేర్చుకున్నదాన్ని కాదు. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టాను. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగడం తప్ప నాకు ఏ ఆటా రాదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఒకరోజు కూరగాయలు కొనుక్కుని వస్తూ టౌన్ హాల్ ముందు గజ్జెల చప్పుడు విని ఆగాను. ఏముందో చూద్దామని లోపలికి వెళ్ళి వెనక గోడకు ఆనుకున్నాను. అలా ఆనుకున్నదాన్ని అన్నీ అయిపోయేదాకా కదల్లేదు. ఇంటికి వచ్చేసరికి సంచిలో ఆకుకూర వాడిపోయింది, మా అత్త ముఖం మాడిపోయింది.

టీవీలో నాట్యం చూడడం వేరు, ఎదురుగా కూర్చుని చూడడం వేరు. ఇది చూడనివాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. పాదం చెక్క మీద పడితే ఆ అదురు మన కుర్చీ కాళ్ళలోంచి పైకి ఎక్కుతుంది. పాట ఆగిన చిన్న సందులో ఆడుతున్న పిల్ల ఆయాసం వినిపిస్తుంది. మెడ మీద చెమట జారుతుంటుంది, కాటుక చెదురుతుంటుంది, పైట కింద గుండె ఎగిరెగిరి పడుతుంటుంది. పైన ముఖం మాత్రం నవ్వుతూ ఎవరో చిన్నపిల్లవాణ్ణి వెన్న తినడానికి పిలుస్తూ ఉంటుంది. అంత కష్టం లోపల దాచుకుని అంత తేలిగ్గా ఎలా పిలుస్తారు? అది చూసినప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది. ఆ రోజుల్లో కార్యక్రమం అయ్యాక ఇంటికి నడిచి వస్తుంటే నా నడక కూడా నాకు కొత్తగా ఉండేది.

మా ఆయనకు ఇదంతా నవ్వులాట. “గా ఎగురుడు దుంకుడు సూడనీకి గింత దూరం పోతవా?” అనేవాడు. అనేవాడే గానీ బస్‌స్టాండు దాకా దిగబెట్టేవాడు. నేను ఎక్కడికైనా వెళ్ళేదాన్ని. వనపర్తి, గద్వాల, నల్గొండ, నకిరేకల్ దగ్గర గుడి ఉత్సవాలు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఇలాంటి కార్యక్రమాలు బాగా పెరిగాయి. ఏ పండుగ వచ్చినా ఒక వేదిక కట్టేవాళ్ళు, ఎవరో ఒకరు ఆడేవాళ్ళు. నాకు అంతకంటే ఏం కావాలి?

అలా ఒక వేదిక మీద సువర్ణను చూశాను. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. ఆమెకు పద్నాలుగేళ్ళు. నారాయణపేటలో మగ్గం నేసే మనిషి కూతురు. సన్నగా, నల్లగా, పెద్ద కళ్ళతో ఉండేది. మిగతా పిల్లలు ఎదుటివాళ్ళ నెత్తి మీద నుంచి ఎటో చూస్తూ ఆడారు. ఈ పిల్ల మాత్రం నన్నే చూసి ఆడింది. మొదట నా భ్రమ అనుకున్నాను. అయిపోయాక వెనక గదిలోకి వెళ్ళి బాగా ఆడావని చెప్పబోతే, నోరు తెరిచేలోపే నా పైట పట్టుకుంది.

“నువ్వే గద రెండో లైన్ల కొసకు కూసున్నది? గీ పసుపుపచ్చ చీర ఒక్కటే నాకు కనపడ్డది. నిన్నే సూస్కుంట ఆడిన చిన్నమ్మా.”

చిన్నమ్మా అని ఆ రోజే పిలిచింది. నాకు ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ క్రికెట్ పిచ్చి. ఆ పిలుపు ఎంత తీయగా తగిలిందో చెప్పలేను.

ఆమె చెప్పింది నిజమే. స్టేజీ మీద లైట్లు కళ్ళలో కొడుతుంటే ఎదుట అంతా చీకటి. మనుషులు కనబడరు. అయితే చాలా హాళ్ళలో పక్క తలుపు మీద ఒక చిన్న బల్బు వెలుగుతుంటుంది. రెండో వరుసలో చివరి కుర్చీ ఆ వెలుగు కిందికి వస్తుంది. అక్కడ పసుపుపచ్చ చీర కట్టుకుని కూర్చుంటే అది కనబడుతుంది. ఆ రోజు నుంచీ అదే మాకు పద్ధతి అయింది. ఏ ఊరైనా, ఏ హాలైనా నేను అందరికంటే ముందే వెళ్ళి, ఆ చోటు చూసుకుని కూర్చునేదాన్ని. ఆమె వేదిక మీదికి రాగానే కళ్ళు ఒక్కసారి తిప్పి నన్ను పట్టుకునేది. పట్టుకున్న గుర్తుగా చిన్నగా పెదవి కదిపేది. అది మా ఇద్దరికే తెలుసు.

ఆమె బాపు ఒకసారి మా దుకాణానికి వచ్చి నా చేతిలో ఒక చీర పెట్టాడు. ఆవపువ్వు రంగు, ఎర్రంచు. “నీ పాత చీర ఎలిసిపోయిందమ్మా. బిడ్డకు మంచిగ కనపడాలె గద, గందుకే జర ముదురు రంగు ఏసి నేసిన,” అన్నాడు. నేను కనబడడం కోసం ఒక మనిషి చీర నేశాడు! ఇలాంటి గౌరవం ఎంతమందికి దక్కుతుంది? నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఆమె మాస్టారు మాత్రం ఒకటి రెండుసార్లు నా ఎదురుగానే మందలించాడు. “చూపు గోడ మీద పెట్టు బిడ్డా, మనిషి మీద కాదు. మనిషి కదుల్తది,” అన్నాడు. సువర్ణ నవ్వేసింది. నేనూ నవ్వాను. మనసులో మాత్రం ఒళ్ళు మండింది. నేను కదులుతానా? నేనా?

నాట్యంలో తరంగం అని ఒక అంశం ఉంటుంది. ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు పాదాలూ ఆనించి, కాలివేళ్ళతో ఆ అంచును పట్టుకుని, పళ్ళేన్ని కదుపుకుంటూ తాళం తప్పకుండా వేదికంతా తిరగాలి. నెత్తిన నీళ్ళ చెంబు ఉంటుంది. చెంబు ఉన్నంతసేపూ తల వంచడానికి లేదు, కాళ్ళ వైపు చూసుకోవడానికి లేదు. అందుకని చూపును ఎదురుగా ఒకచోట నిలబెట్టుకోవాలి. సువర్ణ తన చూపును నా మీద నిలబెట్టుకునేది. నాలుగేళ్ళు అలా నిలబెట్టుకుంది. ఒక్కసారి కూడా చుక్క నీరు ఒలకలేదు.

ఇక ఆ రోజు సంగతి.

నల్గొండలో పెద్ద కార్యక్రమం. సువర్ణకు పద్దెనిమిది. హైదరాబాద్ నుంచి ఒక నాట్య బృందం వాళ్ళు ఆమె ఆట చూడడానికి వస్తున్నారు. నచ్చితే తీసుకుపోతారు, దేశమంతా తిప్పుతారు. ఇంటిల్లిపాదీ ఆ సాయంత్రం కోసమే ఎదురుచూశారు. నేను పొద్దున్నే ఆవపువ్వు రంగు చీర కట్టుకుని, కల్వకుర్తి మీదుగా వెళ్ళే బస్సెక్కాను. దారిపొడుగునా నాకు ఏదోలా ఉంది. ఆమె వెళ్ళిపోతే? పెద్ద పెద్ద హాళ్ళలో ఆడితే? అక్కడ రెండో వరుసలో ఎవరు కూర్చుంటారు? సంతోషించాల్సిన రోజు సంతోషించలేకపోయాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను. దాటేస్తే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

హాల్లో మొదటి రెండు వరుసలకూ రిబ్బన్ కట్టేశారు. ముఖ్య అతిథులకట. నేను నా కుర్చీలో కూర్చోగానే బ్యాడ్జీ పెట్టుకున్న మనిషి ఒకడు వచ్చి, “లెవ్వమ్మా, గిది మీకు కాదు. ఎనకకు పో,” అన్నాడు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. నేరుగా వెనక గదికి వెళ్ళాను. సువర్ణ గజ్జెలు కట్టుకుంటోంది. వాళ్ళ బాపు చెంబు తోముతున్నాడు.

“నన్ను ఎనకకు పొమ్మన్నరు బిడ్డా. నా జాగల ఎవరో పెద్దోళ్ళు కూసుంటరంట,” అన్నాను. ఆ మనిషితో పోయి మాట్లాడుతుందనుకున్నాను. మా చిన్నమ్మ లేకపోతే ఆడనంటుందనుకున్నాను. నవ్వకండి, నిజంగానే అనుకున్నాను.

ఆమె తల ఎత్తి నవ్వింది. “ఏడ కూసుంటె ఏమున్నది తియ్ చిన్నమ్మా. గిప్పుడు నాకు ఎవల మొఖం సూసుడు అక్కర లేదు. కండ్లు మూసుకొని గూడ ఆడ్త.”

“అక్కర లేదా?”

“లేదు. నువ్వేం ఫికర్ జెయ్యకు. పోయి మంచిగ కూసో పో.”

అంతే. ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు. ఈ మాటల్ని ఏడేళ్ళలో ఎన్నివేలసార్లు తిప్పి తిప్పి చూశానో. నన్ను ఓదార్చడానికి అన్నది. నా ముఖం చూసి, పాపం చిన్నమ్మ బాధపడుతోంది, ఎక్కడో ఒకచోట హాయిగా కూర్చోనీ అని అన్నది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, తనకే భయంగా ఉన్నా ధైర్యంగా అన్నది. ఇప్పుడు ఇదంతా నాకు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా? తెలిసే ఉంటుంది. వినాలనిపించింది మాత్రం ఒక్క మాటే: అక్కర లేదు.

దీపం వెలిగించారు. ఉపన్యాసాలు అయ్యాయి. ముఖ్య అతిథులు సగం మంది రాలేదు. లైట్లు ఆర్పగానే నేను రిబ్బన్ కింద నుంచి దూరి వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. సువర్ణ వేదిక మీదికి వచ్చింది. వస్తూనే ఆమె కళ్ళు తిరిగాయి. నన్ను పట్టుకున్నాయి. పెదవి కదిలింది.

అక్కర లేదన్నావు కదా!

అక్కడితో నా కోపం తగ్గాలి. తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. మొదటి అంశం అయింది, రెండోది అయింది. ఆ రోజు ఆడినట్టు ఆమె ఎన్నడూ ఆడలేదు. పక్కన ఒకాయన ఆహా ఆహా అంటూనే ఉన్నాడు. జనం చప్పట్లు కొడుతున్నకొద్దీ నేను చిన్నదాన్నయిపోతున్నాను. ఇన్ని బస్సులెక్కి, ఇంట్లో ఇన్ని మాటలు పడి, నాలుగేళ్ళు చూపు తిప్పకుండా కూర్చున్నది దీనికేనా? అసలు నేనేం చేశానని? కుర్చీలో కూర్చున్నాను, అంతేగా. అది నాకు తెలుసు. తెలిసినందుకే అంత కోపం.

పళ్ళెం తెచ్చి పెట్టారు. మాస్టారు తాళం అందుకున్నాడు. బాపు వచ్చి బిడ్డ నెత్తిన చెంబు పెట్టి దిగిపోయాడు. ఆమె చూపు నా మీద నిలిచింది. పళ్ళెం కదిలింది. చెక్క మీద ఇత్తడి రాసుకుంటూ వస్తున్న ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో మళ్ళీ నా ఎదురుగా వచ్చింది. చెయ్యి చాపింది, ముఖంలో ఆ నవ్వు, పిలుపు.

కళ్ళు మూసుకొని ఆడతానన్నావుగా. చూద్దాం.

నేను లేచాను. చప్పుడు కాకుండా లేచి, రెండడుగులు పక్కకు వేసి, తలుపు పక్కనున్న స్తంభం వెనక్కి, చీకట్లోకి జరిగాను. అక్కడి నుంచి చూశాను. ఆమె కళ్ళు నా కుర్చీ దగ్గర ఆగాయి. వెతికాయి. ఒక్క క్షణం కిందికి, పక్కకు కదిలాయి. చెంబు ఒరిగింది. నీళ్ళు భుజం మీద నుంచి జారి చెక్క మీద పడ్డాయి. ఆ తడి మీద పళ్ళెం సర్రున జారింది. మోకాలు మెలిపడి ఆమె పడింది. ఆ తర్వాత చెంబు దొర్లుకుంటూ వేదిక అంచు దాకా వచ్చి ఆగింది.

నేను పరుగెత్తాను. అందరికంటే ముందు నేనే చేరాను. చేరనా మరి? అందరూ కూర్చుని ఉన్నారు, నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను.

నల్గొండ దవాఖానాలో కట్టు కట్టి హైదరాబాద్ పంపారు. అక్కడ మోకాలికి ఆపరేషన్ చేశారు. నడవగలదు, మెట్లు ఎక్కగలదు, నాట్యం మాత్రం మర్చిపోండి అన్నారు. చూడవచ్చిన బృందం వాళ్ళు పండ్లు పంపారు, మళ్ళీ రాలేదు. ఒకరు దిష్టి అన్నారు. ఒకరు వేదిక బాగాలేదన్నారు. మాస్టారు నన్ను ఒకసారి తేరిపార చూశాడు. లేదా చూశాడని నేను అనుకుంటున్నాను.

ఆపరేషన్ అయిన మర్నాడు వెళ్ళాను. ఆమె బాపు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి దండం పెట్టాడు. “అంతమంది ఉండంగ నువ్వొక్కదానివే లేసి ఉరికినవమ్మా. నీ కండ్లన్ని దాని మీదనే ఉండె,” అన్నాడు.

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఈలోగా మంచం మీద నుంచి సువర్ణ నా చెయ్యి అందుకుంది.

“నాకు యాదికున్నది చిన్నమ్మా. నేను పడంగనే నువ్వు లేసుడు కనపడ్డది. కాదు కాదు, నువ్వు లేసినంకనే నేను పడ్తున్నట్టు నాకు తెలిసింది. నా కాలు తప్పింది నాకంటె ముందు నీకు ఎరుకైంది.”

ఆమె నిజాన్నే చెప్పింది, అన్నీ చెప్పింది, నేను లేచిన తర్వాతే పడ్డానని కూడా చెప్పింది. దాన్ని ప్రేమ వైపుకు తిప్పుకుంది. నా మీద ఆమెకు ఉన్న నమ్మకంలో ఇంకో అర్థానికి చోటే లేదు. నేను ఆమె తల నిమిరి, “ఊకో బిడ్డా,” అన్నాను. ఏడేళ్ళుగా ఆ మాటే అంటున్నాను.

చెప్పడానికి ప్రయత్నించలేదని కాదు. రెండేళ్ళ తర్వాత మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు. “నువ్వు లేస్తె గా పిల్ల పడ్తదా? పిచ్చి గిట్ల లేసిందా నీకు? గంతమంది జనంల నిన్నొక్కదాన్నే సూస్తదా?” అన్నాడు. కొట్టి పారేశాడు. ఒక పూట తేలిగ్గా అనిపించింది. తర్వాత అర్థమైంది, నేను ఆయనకు సగమే చెప్పానని. మిగతా సగం చెబితే ఆయన అన్నం ముద్ద మధ్యలో ఆగేది.

ఆ సగం ఇది. చెంబు ఒరిగినప్పుడు, ఆమె కళ్ళు నా ఖాళీ కుర్చీ చుట్టూ వెతుకుతున్నప్పుడు, ఇంకా ఆమె పడకముందు, నాకు సంతోషం కలిగింది. కనురెప్ప పాటే. అయినా కలిగింది. చూశావా, నేను కావాలి నీకు! అదీ నేననుకున్నది. ఆ తర్వాత వచ్చిన భయం, పరుగు, ఏడుపు అన్నీ నిజమే. ముందు వచ్చింది మాత్రం ఆ సంతోషం. ఒక పిల్ల పడిపోతుంటే మనసులో చప్పట్లు కొట్టిన మనిషిని నేను. ఛీ అనిపిస్తోందా? అనండి. నాకూ అనిపిస్తుంది.

ఇప్పుడు సువర్ణకు ఇరవై ఐదేళ్ళు. ఒక కాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. నారాయణపేటలో వాళ్ళింట్లోనే, బాపు మగ్గం ఉన్న గది పక్కన, పన్నెండు మంది పిల్లలకు నాట్యం నేర్పుతుంది. కుర్చీలో కూర్చుని కర్రతో తాళం కొడుతుంది, చేతులతో చేసి చూపిస్తుంది. గోడ పక్కన నా కోసం ఒక కుర్చీ ఎప్పుడూ వేసి ఉంచుతుంది. నెలకోసారన్నా చీరలు కొనడానికి ఆ ఊరు వెళతాను. వెళ్ళకపోతే ఫోన్ చేస్తుంది.

ఆమె పిల్లలకు తన కథ చెబుతుంది. పడిన కథ. “ఎడమ కాలు మీద బరువు ఎక్కువేసిన. గందుకే పళ్ళెం జారింది. తప్పు నాది. మీరు గట్ల జెయ్యొద్దు,” అంటుంది. అని ఆ పిల్లల చేత ఎడమ కాలు అడుగు పదే పదే వేయిస్తుంది, చాలన్నదాకా కాదు, ఆమెకు భయం తీరేదాకా. మొన్నటి నెల ఒక పిల్ల మడమ పట్టుకుని ఏడ్చింది. “ఇంకొక్కసారి,” అంది సువర్ణ. నేను ఆ కుర్చీలో కూర్చుని చూశాను. ఆ ఎడమ కాలు ఏ తప్పూ చేయలేదు. అది సరిగ్గానే పడింది, నేను చూశాను, నేనొక్కదాన్నే చూశాను. లేని తప్పును ఒక మనిషి ఏడేళ్ళుగా మోస్తోంది, ఇంకో పన్నెండు మంది పిల్లల కాళ్ళకు కడుతోంది. ఒక్క మాట అంటే చాలు, ఆగుతుంది. అనలేదు. లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఆ రోజు తర్వాత నేను నాట్యం చూడడం మానలేదు. మానాలనుకున్నాను, మానితే ఎందుకని అడుగుతారు. వెళతాను, కూర్చుంటాను. ఎవరి గజ్జెలూ నాలో ఏమీ కదపవు. పళ్ళెం తేగానే తల దించుకుని నా గోళ్ళు చూసుకుంటాను. దేవుడు నాకు ఇచ్చిన ఒకే ఒక్క ఆనందం అది. దాన్ని నా చేతులతోనే పాడు చేసుకున్నాను. నా సంగతి పోనీ, నాది చూసే ఆనందమే. ఆమెది ఆడే కాలు.

మొన్న బుధవారం ఫోన్ చేసింది. గొంతులో ఎంత సంతోషమో.

“చిన్నమ్మా, ఐతారం తప్పకుండ రావాలె. మా క్లాసుల చిన్నపోరిని మొదటిసారి పళ్ళెం ఎక్కిస్తున్న. బాపు నేసిన గా పసుపుపచ్చ చీర ఉన్నది గద, గదే కట్టుకొని రా. నీ దిక్కే సూడుమని పోరికి జెప్పిన.”

“మీ సార్ గోడ దిక్కు సూడమనేటోడు గదనే,” అన్నాను.

“గోడ లేసి వచ్చి పట్టుకుంటదా చిన్నమ్మా?” అంది. నవ్వింది.

వస్తానన్నాను. ఇంకేమనాలి?

చీర బయటికి తీశాను. ఏడేళ్ళుగా బీరువా అడుగున ఉంది. రంగు ఏమాత్రం తగ్గలేదు. ఆ మనిషి ఎంత గట్టి రంగు వేసి నేశాడో! మంచం మీద పరిచి దాని ఎదురుగా కూర్చున్నాను. వెళ్ళకపోతే పదేళ్ళ పిల్ల చూపు ఖాళీ కుర్చీ మీద పడుతుంది. వెళితే నేను ఆ కుర్చీలో కూర్చుని, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ, అయిపోయేదాకా కదలకుండా ఉండాలి. నా మీద నాకు ఆ నమ్మకం లేదు. కోపంతో లేస్తానని కాదు. ఆ కళ్ళను తట్టుకోలేక లేస్తానేమోనని భయం.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి, పిల్లలు రాకముందే సువర్ణకు చెబుతానా? చెబితే ఏమవుతుంది? ఆమె కాలు బాగుపడదు. పోయిన ఆట తిరిగి రాదు. ఉన్న ఒక్క చిన్నమ్మ కూడా పోతుంది. ఇలా ఆమె మంచి కోసమే ఆలోచిస్తున్నట్టు నటించడం నాకు బాగా అలవాటు. అసలు భయం అది కాదు. నా చేతులు పట్టుకునే ఆ చేతులు మళ్ళీ పట్టుకోవు. అంతే, అదే. చెప్పకపోవడానికి ఏడేళ్ళుగా నాకున్న కారణం అదొక్కటే. వెళ్ళేటప్పుడు ఈ కాగితాలు సంచిలో పెట్టుకుంటాను. తీసి ఇస్తానని మీకు మాట ఇవ్వను. నా సంగతి నాకు తెలుసు.

మీరు నన్ను క్షమించకండి. మీరు క్షమించడానికి ఇది మీకు జరిగింది కాదు. ఏడేళ్ళలో ఆమె ముందు ఎన్నడూ అనని రెండు ముక్కలు ఉన్నాయి. అవి రాస్తే గొంతులో అడ్డం కాస్త తొలుగుతుందేమోనని ఇంత రాశాను. వాళ్ళందరూ అనుకున్నట్టు ఆమె పడుతుంటే నేను లేవలేదు.

నేను లేచాను. అప్పుడు ఆమె పడింది.